పున్నమ్మ స్నానాలగదిలో మడతబల్ల

ఆ పొద్దున సాదియా పెట్టుకున్న పని ఒక్కటే: పున్నమ్మ ఇంటికి పోయి ఒక స్క్రూ బిగించి రావడం. నరసరావుపేటలో వడ్రంగం దుకాణం వాళ్ల నాన్న ఖాదర్ వలిదే అయినా, ఇరుకు స్నానాలగదులకు మడత సామాను చేద్దామన్న ఆలోచన మాత్రం సాదియాది. పున్నమ్మ స్నానాలగది నాలుగడుగులకు అయిదడుగులు. మోకాళ్ల నొప్పులతో ఉన్న మనిషి కూర్చుని నీళ్లు పోసుకోవడానికి అందులో ఓ బల్ల అమర్చింది. ఎత్తి గోడకు ఆనిస్తే దాని అడుగువైపే సబ్బులు, పళ్లపొడి పెట్టుకునే అర అవుతుంది.

సాదియా సొంతంగా చేసిన మొదటి పని అది. నిన్న సాయంత్రం బల్లను గోడకు పట్టి ఉంచే గడియకు రెండు స్క్రూలు పడాల్సిన చోట, తెచ్చినవి అయిపోయి ఒక్కటే వేసింది. పున్నమ్మ భర్త యల్లమంద రాళ్ల క్వారీ మేస్త్రీ. ఆయన కేకేస్తే లారీలు పక్కకు తప్పుకుంటాయి. "ఇది ఊడి మా ఆడదాని మీద పడిందనుకో, నిన్ను కాదమ్మాయ్, మీ నాన్ననొచ్చి అడుగుతా" అని నవ్వకుండా చెప్పాడు. ఆ రాత్రి సాదియాకు సరిగా నిద్రపట్టలేదు.

తెల్లారి వెళ్లేసరికి వీధి తలుపు తీసే ఉంది. స్నానాలగదిలో పంపు ధారగా పడుతోంది.

"పిన్నీ! నేనే, సాదియాని."

పలుకు లేదు. తలుపు నెట్టింది. అది రెండు వేళ్ల సందు తెరుచుకుని, దేనికో తగిలి ఆగిపోయింది. సందులోంచి చూస్తే అడ్డంగా పడి ఉన్న తన బల్ల అంచు. అంతలో తలుపు కిందినుంచి పాదాల మీదికి చల్లగా నీళ్లొచ్చాయి. ఎర్రటి నీళ్లు.

పారిపోదామనుకుంది కానీ పోలేదు. సందులో చెయ్యి దూర్చి వేళ్లు గీసుకుపోయేలా తడిమింది, అందలేదు. గట్టిగా తోస్తే లోపలున్న మనిషి మీదే బల్ల నొక్కుకుంటుందేమోనని భయం.

"పిన్నీ, నీకు దణ్ణం పెడతా, మూలుగన్నా మూలుగు!"

ఆ కేకకు పక్కింటి గోపిక పరుగెత్తుకొచ్చింది.

"పడిపోయిందక్కా! పిన్ని లోపలుంది!" అంది సాదియా.

పడింది బల్ల అని గోపికకు ఎవరు చెప్పాలి? ఎర్రనీళ్లు చూసి, "ఓయమ్మో! పున్నమ్మత్త పడిపోయిందర్రో!" అని వీధిలోకి అరిచింది. వీధి మలుపు దగ్గర అది "తల పగిలిందంట" అయింది. కోటప్పకొండ దారిలోని క్వారీకి ఫోన్ చేరేసరికి "ఇంక లేదంట" అయింది.

ఇరవై నిమిషాల్లో యల్లమంద వచ్చాడు, చేతిలో సమ్మెటతో. సాదియా కళ్లు మూసుకుంది. ఆయన ఆమె వంక చూడనైనా చూడలేదు.

"జరగండి."

రెండే దెబ్బలు. తలుపు, ద్వారబంధంతో సహా కూలింది. ఎర్రనీళ్లు ఒక్కసారిగా వసారాలోకి దూకాయి. అంతే, లోపలికి తొంగిచూడకుండానే ఆయన మోకాళ్ల మీద కూలబడ్డాడు.

"ఏమే పున్నీ! నిన్ను ఇంకొక్క మాటంటే ఒట్టేనే! లెయ్యవే!" అని బావురుమన్నాడు. ఆడవాళ్లంతా శోకం అందుకున్నారు.

అప్పుడే వెనకనుంచి ఒకామె చంకలో పిండి డబ్బాతో జనాన్ని తోసుకుంటూ వచ్చింది. ఏడుస్తున్న యల్లమందను చూడగానే డబ్బా కింద పడేసి గుండెలు బాదుకుంది.

"ఓరి నాయనో! ఎవరు పోయారే గోపికా?"

"నువ్వేనత్తా!" అంది గోపిక, తల తిప్పకుండా ఏడుస్తూనే.

పున్నమ్మ ఇంకో రెండు దెబ్బలు బాదుకున్నాక గానీ ఆగలేదు.

అందరూ ఒక్కసారే లోపలికి తొంగిచూశారు. లోపల పొంగిపొర్లుతున్న బక్కెట్టు, తూముకు అడ్డంపడ్డ సబ్బుబిళ్ల, మూత ఊడి నీళ్లలో తేలుతున్న ఎర్ర పళ్లపొడి డబ్బా, గడియ ఊడి కిందికి వాలినా చెక్కు చెదరని బల్ల.

"పంపు తిప్పి పిండిమరకాడికి పోయొస్తే, ఈలోపే చంపేశారా?" అంది పున్నమ్మ.

యల్లమంద లేచాడు. ఆయన అడగకముందే సాదియా చెప్పేసింది.

"తప్పు నాదే బాబాయ్. గడియకి ఒక స్క్రూ ఎయ్యలా. తలుపు లోపలికి తెరుచుకుంటదన్నదీ చూసుకోలా."

ఆయన సమ్మెట పట్టుకుని బల్ల దగ్గరికి నడిచాడు. సాదియా గోడకు అతుక్కుపోయింది. ఆయన సమ్మెట నేలకు ఆనించి, అంత మనిషీ బల్ల మీద కూలబడి, కండువాతో ముఖం తుడుచుకున్నాడు. బల్ల కిర్రుమనలేదు.

"బల్ల జోలికి పోమాక," అంది పున్నమ్మ మొగుడితో. "ముప్పయ్యేళ్లలో నువ్వు నాకోసం ఏడవడం ఇదే మొదలు."

యల్లమంద సాదియా వైపు చూసి, గొంతు సవరించుకుని, చానా నెమ్మదిగా అడిగాడు.

"ఏమ్మాయ్, తలుపులు కూడా మీరే చేస్తారా?"

"చేస్తాం బాబాయ్. బయటికి తెరుచుకునేయి."

ఆ తలుపు రావడానికి నాలుగు రోజులు పట్టింది. ఆ నాలుగు రోజులూ యల్లమంద స్నానం చేసినంతసేపూ పున్నమ్మ దుప్పటి అడ్డం పట్టుకుని నిలబడింది.