సోమందేపల్లిలో రెండు నిమిషాలు

ఆదివారం పొద్దున కుమారస్వామి ఉగ్గాని తింటూనే బల్ల మీద మ్యాపు పరిచాడు. తాత కొన్న 1938 నాటి కారులో హిందూపురం నుంచి ధర్మవరం పోయి, ఎక్కడా ఆగకుండా తిరిగి రావాలని అతని పథకం. ఆ కాలపు కారు అంత దూరం అంత వేగంగా పోతే రికార్డేనని బెంగళూరు పాత కార్ల సంఘం వాళ్ళు కూడా ఒప్పుకున్నారు.

అతని వేలు సోమందేపల్లి మీదుగా జారి పెనుకొండ చేరడం భార్య ఈశ్వరి చూసింది.

"మా అన్న ఇంటికాడ ఎంతసేపు నిలుపుతారు?"

"యాడా నిలపకూడదు. నిలిపితే రికార్డు పోతాది."

ఈశ్వరికి ఒళ్ళు మండింది. రోడ్డు పక్కనే పుట్టిల్లు. పెళ్ళయిన ఇన్నేళ్ళలో ఆ వాకిలి తొక్కకుండా ఆమె సోమందేపల్లి దాటింది లేదు. "మా అన్న వాకిట్లో నిలబడి చూస్తాంటే హారన్ కొట్టుకుంటా పోతారా? అల్లునికి ఏం కోపమొచ్చిందోనని ఊరంతా అనుకోదా?"

"ముందే ఫోన్ చేసి చెప్పు."

చెప్పింది. అన్న చౌడప్ప సగమే విన్నాడు. "మనింటి మజ్జిగ తాగితే పోయే రికార్డు, అదేం రికార్డమ్మా?"

ఆ మాట ఆమెకు సబబుగా తోచింది. ఆ వారమంతా ఇంట్లో ఉప్పు లేని చారే. చివరికి కుమారస్వామి సంఘాన్ని బతిమాలి రెండు నిమిషాలు తెచ్చుకున్నాడు. "ఇంజన్ ఆపను. మజ్జిగ కారు కాడికే తేవాల."

సంగతి పెనుకొండలోని అతని అక్క పుట్టమ్మకు చేరింది. "పెండ్లాం ఊర్లో నిలుపుతావు, అక్క ఊర్లో నిలపవా? రోడ్డు మీదే ఉంటా. ఎట్ల పోతావో చూస్తా."

బయలుదేరిన రోజు ఈశ్వరి కూడా కారెక్కింది. సోమందేపల్లిలో తప్పెట్లతో సహా బంధువులంతా కాచుకుని ఉన్నారు. చౌడప్ప భార్య భవాని హారతి వెలిగించింది. ఇంజన్ అదురుకు పళ్ళెం గడగడలాడి కర్పూరం రెండుసార్లు ఆరిపోయింది. ఇది అపశకునమని చౌడప్ప కిటికీలోంచి చెయ్యి పెట్టి తాళం తిప్పి ఇంజన్ ఆపేశాడు.

హారతి బాగా వెలిగింది. కారు మళ్ళీ కదలలేదు.

వెనక కారులో వచ్చిన సంఘం వాళ్ళు ఓళిగలు తిని బెంగళూరు పోయారు. మెకానిక్ ఇస్సాకు వచ్చి, ఇంత పాత కారుకు సామాను దొరికేదాకా ఇంతేనన్నాడు. మొదటి రోజు ఓళిగలు, మరునాడు ముద్ద, ఆ మరునాడు నిన్నటి చారు. నాలుగోనాడు భవాని వడ్డిస్తూ నవ్వుతూనే అడిగింది.

"ఈశ్వరీ, మీ రికార్డు ఇంగా ఎన్ని దినాలుంటాది?"

ఈశ్వరి చెయ్యి కడుక్కుని లేచింది. ఏ ఇంటి మర్యాద కోసం మొగుడితో వారం పోట్లాడిందో, ఆ ఇల్లు ఆమె ముద్దలు లెక్కపెడుతోంది. మధ్యాహ్నం ఇస్సాకు దొరికిన సామాను బిగించి కారు స్టార్ట్ చేయగానే అన్న పిలుస్తున్నా వినకుండా ఎక్కి కూర్చుంది. సంఘం లేకపోయినా సరే, ధర్మవరమైనా చూసి వస్తానన్నాడు కుమారస్వామి.

పెనుకొండలో రోడ్డు పక్కన, నాలుగు రోజులుగా కాచుకున్న పుట్టమ్మ హారతి పళ్ళెంతో కనిపించింది. కుమారస్వామి కాలు బ్రేకు మీదకు పోయింది.

"నిలపొద్దు," అంది ఈశ్వరి.

"రికార్డు పోయిందిగదే. నిలిపితే ఏమి?"

"ఒక ఇంట్లో మర్యాద జరిగింది, చాలు. పోనీయండి."

కారు దుమ్ము లేపుకుంటూ పుట్టమ్మను దాటేసింది. జన్మలో అంత వేగంగా అది పోలేదు.

వాళ్ళు ధర్మవరం చేరేసరికి, వెనకాల బస్సెక్కి, దార్లో కారును దాటేసి ముందుగా దిగిన పుట్టమ్మ బస్టాండు ముందర కర్పూరం వెలిగిస్తోంది.