నీలిమూత పెట్టెలో గుడ్లు

ఆ రోజు పొద్దున పెద్దమ్మ పెట్టుకున్న పనులు మూడే. చెల్లెలి కూతుర్ని బస్సెక్కించాలి, వంట ముగించాలి, ఆ తర్వాత ఒక పిల్ల తల్లికీ ఒక పిల్లవాడి తండ్రికీ ఫోను చేసి మాట కలపాలి. సంబంధాలు కుదర్చడం ఆవిడ వృత్తి. పెళ్ళే వద్దని భీష్మించుకు కూర్చున్నవాళ్ళని కూడా రెండు కాఫీలు తాగేలోపు మెత్తబరచగల మనిషి. ఊళ్ళో సగం కాపురాలు ఆవిడ చేతి మీదుగా కుదిరినవే కాబట్టి, చుట్టరికం ఉన్నవాళ్ళూ లేనివాళ్ళూ కూడా ఆవిణ్ణి సంబంధాల పెద్దమ్మ అనే పిలిచేవాళ్ళు. చెల్లెలు పోయాక ఆ పిల్లని పెంచి, మందుల షాపు అబ్బాయికిచ్చి పెళ్ళి చేసిందీ ఆవిడే. ఇప్పుడు ఉంటున్నదీ వాళ్ళింట్లోనే.

అటువంటి మనిషికి ఆ పిల్ల అప్పగించినవి నాలుగు గాజు పెట్టెలు. వాటి నిండా కీచురాళ్ళు. పురుగులు ఏం తింటే, ఎప్పుడు జతకడితే, ఎన్ని గుడ్లు పెడతాయో తేల్చడం ఆ పిల్ల పరిశోధన. ల్యాబులో గోడలకు రంగులు వేస్తున్నారు, ఆ వాసనకు పురుగులు బతకవు. తనేమో వేరే ఊళ్ళో సభకు వెళ్ళాలి.

"ఎర్రమూత పెట్టెల్లో ఉన్నవి పెళ్ళయిన జంటలు పెద్దమ్మా. నీలిమూత పెట్టెల్లో అన్నీ పెళ్ళికాని ఆడవే. మగవాటి మొహం కూడా చూడలేదు."

"పాపం," అంది పెద్దమ్మ, అలవాటు కొద్దీ.

"ఆ పాపమే వద్దంటున్నాను. ఇక్కడ మాత్రం ఎవరికీ సంబంధాలు చూడకు తల్లీ. నీకు దణ్ణం పెడతాను."

ఒక్కో రంగులో రెండేసి పెట్టెలు. ఒకదానికి పాలపొడి, చేపపొడి కలిపిన బలమైన తిండి, రెండోదానికి ఉత్త తవుడు. ప్రతి పెట్టెలోనూ గుడ్లు పెట్టుకోవడానికి ఒక తడి ఇసుక కప్పు. ఇసుక ఆరకూడదు, తిండి మారకూడదు, మూతలు కలవకూడదు. తను తిరిగొచ్చాక, ఆ పరిశోధన చేయిస్తున్న గైడు లెక్క చూస్తాడు. అది ఆయనకు నచ్చితే ఇంకో ఏడాది పని సాగుతుంది. నచ్చకపోతే ల్యాబులో ఆ పిల్ల బల్ల ఇంకొకరిదవుతుంది.

"నీలిమూతల గురించి ఇంకో మాట చెప్పాలి," అంటుండగానే బస్సు వేళయింది. "ఆయనకి తెలుసులే, చాలాసార్లు చెప్పాను," అని భర్తను చూపించి వెళ్ళిపోయింది. అల్లుడు గంభీరంగా తలూపాడు. భార్య పురుగుల సంగతి చెబుతున్నప్పుడు ఏమీ వినకుండా తలూపడం అతను పెళ్ళయిన కొత్తలోనే నేర్చుకున్నాడు.

మర్నాడు పొద్దున్నే పెద్దమ్మ ఇసుక తడపడానికి బలమైన తిండి ఉన్న నీలిమూత తీసింది. కప్పు గాజు వెంబడి, ఇసుకలో, సన్నటి నూకల్లాంటి పసుపచ్చని గుడ్లు. గుప్పెడు లేవు గాని, లేవనడానికి మాత్రం వీల్లేదు. రెండో నీలిమూత కిందా ఒకటీ అరా కనిపించాయి.

ఎక్కణ్ణించో ఒక మగది దూరి ఉండాలి. ఆడ కీచురాయికి వెనక సూదిలాంటి తోక ఉంటుందనీ, మగదానికి ఉండదనీ ఆ పిల్ల చెప్పింది. పెద్దమ్మ భూతద్దం పట్టుకుని ఒక్కొక్కదాన్నీ, పెళ్ళిచూపుల్లో కూడా చూడనంత శ్రద్ధగా చూసింది. అన్నిటికీ సూదులున్నాయి. పెళ్ళికొడుకు లేడు, పెళ్ళి మాత్రం జరిగిపోయింది.

ఆ చూస్తున్నప్పుడే ఒక కీచురాయి ఇసుక మీదికెక్కింది. మీసాలతో తడి చూసుకుంది. నచ్చలేదు, పక్కకు జరిగింది. అక్కడ నడుం వంచి, సూదిని నిలువునా ఇసుకలో దించి, కదలకుండా నిలబడింది. కాసేపటికి తీసి, ఇంకోచోట మళ్ళీ దించింది. పక్కన మగడు లేడు, మంత్రసాని లేదు, నొప్పి అన్న మాట లేదు. "ఎంత పనిమంతురాలివే," అంది పెద్దమ్మ, భయం మధ్యలోనే.

కానీ ఎవరు నమ్ముతారు? దొంగతనం జరిగిన ఇంట్లో తాళంచెవులు చేసేవాడు కూర్చునుంటే జనం వేలు ఎవరి మీదికి వెళుతుంది? జీవితంలో మొదటిసారి పెళ్ళికానివాళ్ళను వాళ్ళ మానాన వదిలేసింది. ఆ ఒక్కసారే ఇలా జరగాలా?

ఆవిడ ఇసుక కప్పులు రెండూ తీసి, వంటింట్లో టీ తాగే గాజు కప్పుల్లో కొత్త ఇసుక నింపి వాటి స్థానంలో పెట్టింది. గుడ్లను పారెయ్యడానికి చెయ్యి రాలేదు. ఎవరి బిడ్డలు ఎవరో కలిసిపోకూడదని, బాగా తిన్న తల్లుల కప్పుకు పసుపు దారం, తవుడు తిన్న తల్లుల కప్పుకు తెల్ల దారం కట్టి, తడిగుడ్డ కప్పి అటకెక్కించింది.

సాయంత్రం షాపు నుంచి వచ్చిన అల్లుడు నీలిమూత ఎత్తి చూశాడు. గాజు కప్పులో అప్పటికే నాలుగు కొత్త గుడ్లున్నాయి. అతని మనసులో అనుమానమే కలగలేదు, నేరుగా తీర్పే వచ్చింది. అత్తయ్య చెయ్యి ఊరుకోలేదన్నమాట. అయితే తన పెళ్ళి కుదిర్చిన చెయ్యి అది. ఆవిడకు మాట రానివ్వకూడదు. అతను కప్పులు తీసి, వేరే కప్పులు పెట్టి, మందుల షాపు అలవాటు కొద్దీ ఒక్కోదానికి చీటీ అంటించి, ఏ పెట్టెదో రాసి, మంచం కింద దాచాడు.

ఇలా పొద్దున ఆవిడ, సాయంత్రం అతను. ఎవరికి వారు ఇంటి పరువు కాపాడుతున్నామనే అనుకున్నారు. బలమైన తిండి పెట్టె మాత్రం ఇద్దరికీ ఊపిరాడనివ్వలేదు. కప్పు మార్చిన ప్రతిసారీ గుడ్లే. ఇంట్లో ఇసుక అయిపోయింది. వీధి చివర కడుతున్న ఇంటి ముందు ఇసుక కుప్ప దగ్గర, సంచీతో పెద్దమ్మ, టిఫిన్ డబ్బాతో అల్లుడు ఎదురుపడ్డారు.

"ఇసుకలో నిలబడితే మోకాళ్ళకు మంచిదన్నారు అల్లుడూ."

"అవునత్తయ్యా. నేనూ అందుకే."

"నీకేం నొప్పులు, ఈ వయసులో?"

"రాకముందే జాగ్రత్త పడుతున్నా."

ఇద్దరూ కాసేపు ఇసుకలో నిలబడ్డారు. ఈవిడ కీచురాళ్ళ కొత్త కాపురానికి ఇల్లు కూడా కట్టిస్తున్నట్టుంది అనుకున్నాడు అల్లుడు. మందుల మధ్య కూర్చుని కూర్చుని పిల్లవాడికి ఏదో అయింది అనుకుంది పెద్దమ్మ. ఇంట్లో కప్పులు తరిగిపోతుంటే, పగలగొట్టేది రెండోవాళ్ళని ఇద్దరూ మర్యాదగా ఊరుకున్నారు.

చెల్లెలి కూతురు రేపు వస్తుందనగా ఇవాళే వచ్చింది. వెంట గైడు. బక్కపల్చటి మనిషి, మాటలు కూడా బక్కగానే ఉంటాయి.

"ముందు సార్‌కి టీ ఇవ్వండి," అంది ఆ పిల్ల.

పెద్దమ్మ అల్లుణ్ణి చూసింది. అల్లుడు పెద్దమ్మను చూశాడు. ఇంట్లో ఒక్క కప్పు లేదు. చివరికి అల్లుడు సంచిలోంచి దగ్గుమందు పోసుకునే చిన్న మూతలు తీసి కడిగాడు. గైడు మూతలో టీ తాగి, "రోజుకెన్నిసార్లు?" అన్నాడు.

నీలిమూతలు తెరిచారు. ఆ పిల్ల టీ కప్పులు చూసి బిత్తరపోయింది. ఇసుక జల్లించింది. ఒక్క గుడ్డు లేదు. రేపు వస్తుంది కదా అని గంట క్రితమే ఇద్దరూ, ఒకరికి తెలియకుండా ఒకరు, ఆఖరి కప్పులు మార్చారు.

"జతకట్టనివి కూడా గుడ్లు పెడతాయన్నావు," అన్నాడు గైడు. "కొద్దిగా పెట్టొచ్చని నేనూ ఒప్పుకున్నాను. కానీ మంచి తిండి తిన్నవి ఎక్కువ పెడతాయన్నది నీ వాదన. ఇక్కడ దానికీ సున్నా, దీనికీ సున్నా." ఆయన లేచాడు. "ఆ బల్ల సంగతి రేపు మాట్లాడదాం."

ఆ పిల్ల చిన్నప్పుడు తల్లి పోయిన రోజు ఎలా నిలబడిందో అలాగే, చేతులు రెండూ వెనక్కి కట్టుకుని నిలబడింది. ఆ నిలబడడం పెద్దమ్మకు తెలుసు. ఇక పరువు సంగతి ఆవిడకు గుర్తు రాలేదు.

"కూర్చోండి బాబూ," అని స్టూలు వేసుకుని అటకెక్కింది. ఒక్కో కప్పూ కిందికి దించింది, పసుపు దారాలు ఒక పక్క, తెల్ల దారాలు ఒక పక్క. "ఇవి నీలిమూత వాళ్ళవే. నేను దాచాను. సంబంధం మాత్రం నేను చూడలేదమ్మడూ, ఒట్టు."

మంచం కింద నుంచి అల్లుడు కూడా కప్పులు ఈడ్చుకొచ్చాడు.

పెద్దమ్మ అతన్ని ఎగాదిగా చూసింది. "అంటే నువ్వూ నన్ను నమ్మలేదన్నమాట."

"నమ్మలేదు గాని, కాపాడాను కదత్తయ్యా."

"ఎన్నిసార్లు చెప్పాను నీకు," అంది భార్య, "పెళ్ళికానివీ పెడతాయి, కోడిపెట్టలాగే, పిల్లలే రావని."

అల్లుడు తలూపాడు. ఈసారి విన్నాడు.

గైడు భూతద్దం అందుకుని ఒక్కో కప్పూ తిప్పి చూశాడు. పసుపు దారాల వైపు ఇసుక నిండా నూకలు. తెల్ల దారాల వైపు వెతికితే గాని లేవు. "పూటపూటకీ కప్పు మార్చి, విడివిడిగా గుర్తు పెట్టి, తడి ఆరకుండా. నా విద్యార్థులకి ఇంత శ్రద్ధ లేదమ్మా," అన్నాడు. ఎర్రమూతల కప్పులు ఎవరూ మార్చలేదు కాబట్టి వాటితో పోల్చడం కుదరదనీ, ఆ లెక్క మళ్ళీ మొదటి నుంచీ చెయ్యాలనీ అన్నాడు. తర్వాత భూతద్దం పక్కన పెట్టాడు. "ఒక్క అనుమానం. మీ వృత్తి చూస్తే, మగది దూరలేదని ఎలా నమ్మడం?"

"పిల్లలొస్తే నాది తప్పు," అంది పెద్దమ్మ. "రాకపోతే ఆ తల్లులది గొప్ప."

అన్ని కప్పులూ ల్యాబుకు వెళ్ళాయి. కొన్నాళ్ళకు ఎర్రమూతల గుడ్లు పగిలి, నల్ల చీమల్లాంటి పిల్లలు కప్పులు దాటి గెంతాయి. నీలిమూతల ఇసుకలో చివరిదాకా ఏమీ కదలలేదు. బల్ల ఆ పిల్లదే అయింది.

ఆ కబురు చెబుతూ గైడే స్వయంగా ఫోను చేశాడు. అసలు జరగనే జరగని పెళ్ళికి పెద్దమ్మను ఒకరు అభినందించడం అదే మొదటిసారి.