ఒకటో నంబరు మదింపుదారు

"ఇకమీదట లైసెన్సు లేనివాడెవడూ ఏ ఇంటికీ ధర కట్టడానికి వీల్లేదు. నోటితో కట్టినా నేరమే, కంటిచూపుతో కట్టినా నేరమే!" అని ఆస్తుల మదింపు శాఖ మంత్రిగారు బల్ల గుద్ది ప్రకటించారు. గ్లాసులోని మంచినీళ్లు కూడా చలించాయి. పేషీలో టైపిస్టుగా ఆ నిబంధనలు కొట్టే భాగ్యం నాకు దక్కింది.

లైసెన్సు కావాలంటే డిగ్రీ ఉండాలి. ప్రభుత్వ తరగతులకు హాజరు కావాలి. పరీక్ష పాసవ్వాలి. అన్నిటికీ మించి, లైసెన్సున్న మదింపుదారు దగ్గర రెండేళ్లు పనిచేసి అనుభవం సంపాదించాలి.

ఒక విలేకరి లేచాడు. "సార్, ఇప్పుడు లైసెన్సున్నవాళ్లు ఎంతమంది?"

"ఒక్కడూ లేడు. అందుకే కదయ్యా చట్టం తెచ్చింది!"

"మరి మొదటివాడు ఎవరి దగ్గర పనిచెయ్యాలి?"

మంత్రిగారు అతన్ని జాలిగా చూశారు. "మొదటివాడికి ప్రత్యేక మినహాయింపు. అసాధారణ ప్రతిభ కోసం నలుమూలలా గాలిస్తాం."

గాలింపు మంత్రిగారి బంగళా ముందుగదిలో మొదలై వెనకగదిలో ముగిసింది. అక్కడ ఆయన బావమరిది నిద్రపోతున్నాడు.

ఇంటర్వ్యూ వెంటనే జరిగింది. ప్రశ్నలు శాఖ కార్యదర్శి అడిగారు.

"డిగ్రీ ఉందా?"

"మా ఆవిడకుందండీ. పెళ్లయ్యాక మాకు నీదీ నాదీ అనే తేడా లేదు."

"ఉన్నట్టు కొట్టవయ్యా," అన్నారు మంత్రిగారు నాతో.

"అనుభవం?"

"బోలెడు. ఊళ్లో నేను అద్దెకుండని వీధి లేదు. ఏ ఓనరూ నన్ను ఎక్కువ కాలం ఉండనివ్వలేదు మరి."

కార్యదర్శి మంత్రిగారి మొహం చూశారు. "విస్తృత క్షేత్ర పరిశీలన అన్నమాట!" అన్నారు మెచ్చుకోలుగా. "ఇక పరీక్ష. ఈ గది ఎలా ఉంది?"

"చల్లగా ఉందండీ."

పాసయ్యాడు. ఒకటో నంబరు లైసెన్సు మెళ్లో వేసుకుని మళ్లీ పడుకున్నాడు.

ఊళ్లో ఇళ్లు కొలిచి తల పండినవాళ్లందరూ ఆ పూటతో అనర్హులయ్యారు. అనుభవం కోసం బావమరిది కొత్తగా అద్దెకు దిగిన ఇంటి వాకిట్లో బారులు తీరారు. ఆయన ఎవరినీ కాదనలేదు. ఒకరికి మొక్కలకు నీళ్లు పొయ్యడంలో అనుభవం ఇచ్చాడు. ఇంకొకరికి ఉల్లిపాయలు తరగడంలో ఇచ్చాడు. కొలత టేపు పట్టుకొచ్చిన ఒక పెద్దాయన చేతికి చీపురందింది.

"బాబూ, గోడలు కొలిచేదెప్పుడు?" అన్నాడు పెద్దాయన.

"తొందరపడకండి పెద్దాయనా. ముందు ఇంటితో చనువు పెరగాలి. గోడలు వచ్చే ఏడు చూద్దాం."

నేను ఫైలు మీద సంతకానికి వెళ్తే పెద్దాయన వరండా ఊడుస్తూ కనిపించాడు. "ఏం చెయ్యను నాయనా, ఇది ఊడిస్తేగాని నా పని నాకు తిరిగి రాదట," అన్నాడు. శాఖ మీద ప్రజలకు కలిగిన నమ్మకం చూసి నా గుండె నిండిపోయింది.

తరగతులు పెట్టడానికి భవనం కావాల్సివచ్చింది. మంత్రిగారు తన బంగళానే ప్రభుత్వానికి అమ్మే త్యాగానికి సిద్ధపడ్డారు. చట్టం ప్రకారం మదింపు తప్పనిసరి.

"ఒరేయ్, ధర దగ్గర పిసినారితనం చెయ్యకు," అన్నారు బావమరిదితో.

అతను బంగళా అంతా తిరిగాడు. భోంచేశాడు. అక్కయ్య వడ్డించిన పీట దగ్గరే కళ్లు తుడుచుకున్నాడు. "బావా, ఇది మా అక్కయ్య కాపురం చేసిన ఇల్లు. అంకె వెయ్యడానికి నాకు చెయ్యాడటం లేదు," అంటూ ధర రాయాల్సిన చోట "అమూల్యం" అని రాసి ముద్ర కొట్టేశాడు.

ఖజానా అధికారిణి కళ్లద్దాలు సర్దుకుని చదివింది. "అమూల్యం. మూల్యం లేనిది. సున్నా వేస్తున్నాను సార్."

"అమ్మా! అంటే వెల కట్టలేనంత గొప్పదని!"

"వెల కట్టలేనిదాన్ని ప్రభుత్వం ఎలా కొంటుంది సార్? తాళాలు ఇప్పించండి."

మంత్రిగారు కార్యదర్శి వైపు తిరిగారు. "ఆ మాట మార్పించవయ్యా!"

"రాసినవాడు మార్చకూడదు సార్. లైసెన్సున్న రెండో మనిషే మార్చాలి."

"ఆ రెండో మనిషేడీ?"

"మీ బావమరిదిగారింట్లో ఉల్లిపాయలు తరుగుతున్నాడు సార్. వచ్చే ఏడు గోడలు చూస్తాడు."

"అయితే నాకే ఇచ్చెయ్ రెండో లైసెన్సు! ప్రత్యేక మినహాయింపు రాయి!"

"అది మొదటివాడికే సార్. మీ సంతకమే ఉంది."

మంత్రిగారు బావమరిది దగ్గరే తేల్చుకుందామని కారెక్కారు. నేనూ టైపు మిషనుతో సహా ఎక్కాను. బావమరిది వాకిట్లో బారు పక్కకు జరిగి దారిచ్చింది. బావమరిది కుర్చీలోంచి లేచి, బావగారిని కూర్చోబెట్టి, గొంతు సవరించుకున్నాడు.

"ఏమనుకోకు బావా, రూలు రూలే. డిగ్రీ ఉందా?"

మంత్రిగారు కండువా సర్దుకున్నారు.

"క్లాసులకెళ్లావా?"

కండువా మళ్లీ సర్దుకున్నారు.

"పోనీ, ఈ పనిలో అనుభవం?"

వాకిట్లో ఉల్లిపాయల కత్తి ఆగింది. చీపురు ఆగింది. అందరూ ఆయన నోటివైపే చూస్తున్నారు.

మంత్రిగారు నిజంగానే నొచ్చుకున్నారు. "నన్ను మంత్రిని చేసినప్పుడు కూడా ఎవరూ ఇవన్నీ అడగలేదు కదరా!" అన్నారు.