సుభానీ చొక్కా, పది రూపాయల బిళ్ళలు

మిరప చేలో పాము కరిచినప్పుడు దేవకుమారిని ఆటోలో వేసుకుని ఆగమేఘాల మీద ఒంగోలు ఆసుపత్రికి చేర్చినవాడు సుభానీ. బాడుగ కూడా పుచ్చుకోలేదు. బతికి బట్టకట్టినందుకు ఆదివారం ఇంట్లో కృతజ్ఞత ప్రార్థన కూడిక పెట్టుకుని, అందరి ముందూ అతనికి కొత్త చొక్కా పెట్టాలని ఆమె కోరిక. ముందే తెలిస్తే వద్దంటాడు. అందుకే శనివారం పొద్దున్నే, బియ్యం డబ్బాలో దాచిన పది రూపాయల బిళ్ళలు మూటగట్టుకుని చడీచప్పుడు లేకుండా దర్శి బజారుకు వెళ్ళింది.

బట్టల కొట్టు శ్రీకృష్ణ నాలుగు వందల తొంభై రూపాయల నీలం చొక్కా చూపించాడు. మూట విప్పగానే మొహం మాడ్చుకున్నాడు.

"ఈ బిళ్ళలు చెల్లవమ్మా!"

"మూడు సింహాలుండగా చెల్లకేం బాబూ?"

"దీనిమీద పది గీతలు, దీనిమీద పదిహేను. ఏది దొంగదో ఎవడికి తెలుసు? రెండూ వద్దు!"

ప్రభుత్వం అచ్చు మార్చినంత మాత్రాన డబ్బు డబ్బు కాకుండా పోతుందా? దర్శి బజారులో పోతుంది. నోట్లుగా మార్చుకుందామని తిరిగితే, కూరగాయలవాడు తీసుకోడు గనక తనకొద్దన్నాడు టీకొట్టువాడు. టీకొట్టువాడు తీసుకోడు గనక తనకొద్దన్నాడు కూరగాయలవాడు. ఆ నోటా ఈ నోటా పడి అది దొంగడబ్బు మూట అయింది. జనం మూగారు. ఎవరికి తెలియకూడదో సరిగ్గా వాడే ఆటో ఆపి దిగాడు.

"ఏందక్కా ఈ గోల?"

"ఏం లేదు తమ్ముడూ, గిన్నెలు కొనుక్కుందామని..." అంటూ దేవకుమారి మనసులోనే దేవుణ్ణి క్షమించమంది.

"దీనికింత రచ్చా? బ్యాంకులో తీసుకుంటారు. నాకియ్యి!" అని సుభానీ జేబులో ఉన్న నోట్లన్నీ ఆమె చేతిలో పెట్టాడు.

ఆమె చొక్కా కొనేలోగా కబురు ఊరంతా పాకింది. సుభానీ తీసుకుంటాడట! ఇళ్ళల్లో మూలుగుతున్న బిళ్ళలన్నీ ఆటో కిరాయి కింద అతని మీదే పడ్డాయి. సాయంత్రానికి సీటు కింద మూటలే మూటలు, డీజిలుకు ఒక్క నోటు లేదు. బంకువాడు బిళ్ళలు ముట్టనన్నాడు, బ్యాంకు సోమవారం దాకా తెరవదు. ఆదివారం కూడికకు సుభానీ ఆటోను నెట్టుకుంటూ వచ్చాడు.

"మేలు చేసినవాడి కొంప ముంచానే యేసయ్యా!" అని దేవకుమారి ఏడుస్తూ చొక్కా చేతిలో పెట్టి ఉన్న సంగతి చెప్పేసింది. "నీ డబ్బుతోనే నీకు కొన్నాను తమ్ముడూ!"

సుభానీ కళ్ళు చెమర్చాయి. "నువ్వు బతికావు గదక్కా, అది చాల్లే," అంటూ చొక్కా అక్కడే తొడుక్కున్నాడు.

ఇంతలో శ్రీకృష్ణ రొప్పుకుంటూ వచ్చాడు. "సుభానీ, చచ్చి నీ కడుపున పుడతా! అందరూ ఐదొందల నోటే ఇస్తున్నారు, తిరిగివ్వటానికి పది లేదు. నువ్వు తీసుకున్నాక జనం కూడా బిళ్ళలు పుచ్చుకుంటున్నారు. ఉన్నవన్నీ ఇచ్చెయ్, నోట్లు తెచ్చా!"

సుభానీ కొత్త కాలరు సర్దుకున్నాడు.

"పది గీతలవి కావాలా అన్నా, పదిహేను గీతలవా?"