పక్కనే ఉన్నట్టు వినిపించే కాల్

ఇకపై దేశంలో ఏ ఆలుమగలూ ఫోన్ బిల్లుకు భయపడి ముక్తసరిగా మాట్లాడుకోనక్కర్లేదని కమ్యూనికేషన్ల మంత్రిగారు ప్రకటించారు. మొబైల్ డేటా మీద కారుచౌకగా నడిచే ఇంటర్నెట్ కాల్ యాప్‌ను ఆయన దగ్గరుండి తయారు చేయించారు. పేరు కోసం పెద్దగా వెతక్కుండా తన పేరే పెట్టేశారు.

తొలి కాల్ చేసే అదృష్టం మా అక్కకు దక్కింది. అక్క ఇంట్లోనే బట్టలు కుడుతుంది. బావ సముద్రం అవతల ఎక్కడో రేవులో క్రేన్ నడుపుతాడు. వెళ్లి మూడేళ్లయింది. ఫోన్ చేస్తే కుట్టుకూలి అంతా దానికే పోతుందని, అక్క "తిన్నావా, ఉంటాను" అని పెట్టేస్తుంది. ఆ మనిషిని ఒక్కసారి చూడాలని మాత్రం దాని ప్రాణం కొట్టుకుంటూ ఉంటుంది.

నాది మైక్‌సెట్ షాపు. ఆ యాప్ ప్రారంభోత్సవ సభలో మైకుల పని నాకే ఇచ్చారు కాబట్టి మంత్రిగారి గొప్పతనాన్ని కళ్లారా చూశాను.

రిహార్సల్ రోజు ఆయన హాల్లోకి అడుగు పెట్టగానే సిగ్నల్ పోయింది. కాఫీకని బయటికి వెళ్లగానే వచ్చింది. మళ్లీ లోపలికి రాగానే మళ్లీ పోయింది. ఆయన భద్రత కోసం వెంట ఒక జామర్ బండి తిరుగుతుంది. చుట్టుపక్కల ఫోన్లన్నిటినీ మూగవి చేయడం దాని పని.

"జామర్ ఆపేస్తే సరిపోతుంది సార్" అన్నాడు ఇంజనీరు.

"నా ప్రాణానికేమైనా అయితే?"

"పోనీ, ఆ కాసేపూ మీరు బయట ఉంటే..."

ఆ ఇంజనీరుకు సాయంత్రానికల్లా బదిలీ ఆర్డరు వచ్చింది.

అప్పుడు సెక్రటరీగారు బుర్ర ఉపయోగించారు. "స్టేజీ మీద తెర కడదాం సార్. ముందు ఆవిడ, వెనక భర్త. ఇద్దరికీ మైకులు. నెట్‌వర్క్‌తో పనే లేదు."

"భర్తగా ఎవరు?"

"మా డ్రైవర్ గొంతు బాగుంటుంది సార్."

మంత్రిగారి ముఖం ఎర్రబడింది. "ప్రజల్ని మోసం చేయమంటావా? అసలు భర్తనే రప్పించు."

అంతటి నిజాయితీపరుడాయన.

బావను విమానంలో తెప్పించి, ఎయిర్‌పోర్టు నుంచి తిన్నగా తెర వెనక కుర్చీలో కూర్చోబెట్టారు. భార్య కంట పడితే ఉద్యోగం ఊడుతుందని చెప్పారు. నేను నోరు విప్పినా ఊడేది బావ ఉద్యోగమేనన్నారు.

"ఎలా ఉందిరా మీ అక్క?" అని బావ గుసగుసగా అడిగాడు. సెక్రటరీగారు నోటి మీద వేలు పెట్టారు.

హాలు కిక్కిరిసింది. మంత్రిగారు రిబ్బన్ కట్టిన ఫోన్‌ను అక్క చేతికిచ్చారు.

"హలో, వినిపిస్తోందా?"

"పక్కనే ఉన్నట్టుంది" అన్నాడు బావ. చప్పట్లు మోగిపోయాయి.

"తిన్నావా?"

"విమా..." సెక్రటరీగారు దగ్గారు. "ఆ, తిన్నాను."

"ఎప్పుడొస్తావు?"

బావ సెక్రటరీగారి వైపు చూశాడు. ఆయన రెండు వేళ్లు చూపించారు.

"రెండేళ్లు పడుతుందే."

అక్క ఫోన్ చెవి నుంచి దించింది. తెర వైపు చూసింది. మళ్లీ చెవికి పెట్టుకుని, "సరే, ఆరోగ్యం జాగ్రత్త" అంది. నాకు ఏడుపొచ్చింది. మంత్రిగారు కూడా కళ్లు తుడుచుకున్నారు. ఫొటో సరిగ్గా రాలేదంటే మళ్లీ తుడుచుకున్నారు.

"ఈ స్పష్టతను ప్రతి పట్టణానికీ అందిస్తాం. ప్రతిచోటా ఈ సోదరి చేతే మొదటి కాల్ చేయిస్తాం" అని ఆయన ప్రకటిస్తుండగా, బావను వెనక గుమ్మం నుంచి కారెక్కించారు.

ఇంటికొచ్చేసరికి అక్క మిషన్ ముందు కూర్చుని సూదిలోకి దారం ఎక్కిస్తోంది.

"హాల్లో ఫ్యాన్లు తిరగలేదు కదరా?"

"మైకులో మోత వస్తుందని ఆపించానక్కా."

"మరి తెర ఎందుకు ఊగింది?"

నేను భుజం మీది మైకు వైరు తీసి మళ్లీ చుట్టడం మొదలుపెట్టాను.

"మీ బావ కూర్చుంటే మోకాలు ఊపుతాడు. ఎన్నిసార్లు చెప్పినా మానడు."

"తెలిసీ తెర లాగలేదేంటక్కా?"

"లాగితే పథకం అక్కడితో ఆగిపోదూ?" అంది అక్క. "తర్వాతి ప్రారంభోత్సవం ఏ ఊళ్లోనో కనుక్కో. ఈసారి తెర కాస్త పల్చటిది కట్టు. గుడ్డ నేనిస్తాను."