బెల్లంపల్లిలో భూమి వణికిన పదకొండు నిమిషాలు

ఆ ఆదివారం పొద్దున మహిమ వేసిన లెక్కలో తప్పేమీ లేదు. ఆ ఇంట్లో మొదటి డిగ్రీ ఆమెది. ఏ పనైనా కాగితం మీద రాసుకునే మొదలుపెడుతుంది. తల్లి సాయవ్వ ఎముకలు గుల్లబారుతున్నాయని కరీంనగర్ డాక్టరమ్మ నడుముకు కట్టుకునే వణికే బెల్టు ఒకటి ఇచ్చింది. రోజుకు అరగంట చొప్పున, మధ్యలో ఆపకుండా, ముప్ఫై రోజులు కడితే బెల్టు సాయవ్వకే ఉంటుంది. ఒక్కరోజు తప్పినా వరుసలో ఉన్న మరొకరికి పోతుంది. ఒక్కో రోజు పూర్తికాగానే మహిమ ఫోన్‌లో ఒక గడి పచ్చగా మారుతుంది; ఇరవై తొమ్మిది మారాయి. చివరి అరగంట చర్చిలోనే కానిచ్చి, అటునుంచటే డాక్టరమ్మకు చూపించడానికి కరీంనగర్ బస్సెక్కాలి.

"చర్చిల వద్దు బిడ్డా. నలుగురు జూస్తే సాయవ్వ పనైపోయిందంటరు."

"చీరె కింద ఎవలు జూస్తరవ్వా? పాటలే అరగంట నడుస్తయ్. డప్పు మోతల ఇనబడనే ఇనబడది. నేనున్న గద!"

కానీ పాస్టర్ ఫిలిప్‌కు ఆ రోజు గొంతు పట్టేసింది. పందొమ్మిది నిమిషాలకే పాటలు ముగించి, అందరినీ మౌనంగా ప్రార్థించమన్నాడు.

చాప మీద కూర్చోలేని వాళ్ల కోసం వెనక ఒకే ఒక బల్ల ఉంది. ఈ చివర సాయవ్వ, ఆ చివర యెషయా. ఆయన ముప్ఫై అయిదేళ్లు బొగ్గుబాయిలో దిగిన మనిషి. ఒకసారి పైకప్పు చప్పుడు విని తొమ్మిదిమందిని బతికించి బయటికి తెచ్చాడు. ఊరికింద పాత సొరంగాలున్నాయి కాబట్టి ఆయన మాటంటే బెల్లంపల్లిలో అందరికీ గురి.

యెషయా కళ్లు తెరిచాడు. బల్ల మీద అరచెయ్యి ఆనించాడు.

"లేవున్రి! కింద పాత బాయి కదులుతుంది. చెప్పులు ఇడిసిపెట్టి పోరగాండ్లను ఎత్తుకోన్రి!"

ఎందుకని ఎవరూ అడగలేదు. రెండు నిమిషాల్లో చర్చి ఖాళీ.

"ఆపుదమా అవ్వా?" అని మహిమ గుసగుసలాడింది.

"ఆపితే?"

"ఇయ్యాల లెక్కల పట్టది."

"మరి నోరు ముయ్యి."

జనమంతా క్షేమంగా బయటే ఉన్నారు, నష్టమేముందనుకుంది మహిమ. అంతలో సాయవ్వ ఆయాసంతో ఇనుప గేటుకు ఆనుకుంది. గేటు గడగడలాడింది.

"గేటు దాక వచ్చింది!" అని యెషయా అరిచాడు. ఎదురింటి ఐలవ్వ గ్యాస్ సిలిండర్ దొర్లించుకుంటూ వచ్చింది. ఎవరో టీవీ మోసుకొచ్చారు. మంచం పట్టిన పర్శరాములును మంచంతో సహా రోడ్డు మీదికి తెచ్చారు. యెషయా బాయి ఆఫీసుకు ఫోన్ కొట్టి, "సైరన్ కొట్టున్రి సార్, గీ గల్లీ మొత్తం ఖాళీ చేపియ్యాలె" అన్నాడు.

సాయవ్వ జాలిపడి గేటు వదిలి ముసలాయన మంచం పట్టుకుంది. మంచం వణకడం మొదలైంది. పర్శరాములు కళ్లు మూసుకుని, "ప్రభువా, నేను తయార్" అన్నాడు.

మహిమకు ఇక మనసొప్పలేదు. బెల్టు పోతే పోయిందని తల్లి నడుము దగ్గరికి చెయ్యి పోనిచ్చింది. సాయవ్వ ఆ చేతి మీద ఫట్టున ఒక్కటిచ్చింది.

"నెల రోజులు కట్టుకున్న. ఇప్పుడు ఆపుతవా?" అని జనం వైపు తిరిగి కొంగు పక్కకు జరిపింది. "భూమి గాదు, నా నడుము! బొక్కలు గుల్లవడ్డయని డాక్టరమ్మ కట్టమన్నది. పరేషాన్ గాకున్రి. ఇంక నాలుగు నిమిషాలున్నయ్. నడుమ ఆపేది లేదు. నవ్వెటోళ్లు నవ్వుకోన్రి!"

ఎవరూ నవ్వలేదు. పర్శరాములు మాత్రం ఒక కన్ను తెరిచి, "ఇంక నాలుగేనా? కాళ్లకు మంచిగున్నది" అన్నాడు.

యెషయా మంచం పట్టె మీద చెయ్యి వేసి, గడియారం చూస్తూ నిలబడ్డాడు. గల్లీకి గల్లీ ఆయనతోపాటు లెక్కపెట్టింది. మహిమ ఫోన్‌లో ముప్ఫయ్యో గడి పచ్చగా మారింది.

"ఆగింది," అని ఆయనే ప్రకటించాడు.

అప్పుడే బాయి ఆఫీసు నుంచి ఫోన్. అవతలి సారు వణుకు ఎంత లోతులో పుట్టిందని అడిగాడు.

యెషయా గొంతు సవరించుకున్నాడు. "చీరె మందం, సార్."