వెండెల్ హౌగెన్ మాడ్యూల్‌లోని పరమ రహస్యం

మానవజాతి రాసుకున్న నియమాలన్నిటిలోకీ నిలకడైనది ఒక్కటే: కెర్నెల్ లోపల ఏదీ నిలకడగా ఉండరాదు. (ఈ నియమం మాత్రం ఇన్నేళ్లుగా మారలేదు.)

కంప్యూటర్ని నడిపే ఆపరేటింగ్ సిస్టమ్‌కి గుండెకాయ లాంటి ఆ కెర్నెల్ తొమ్మిది వారాలకోసారి మారుతుంది. మారినప్పుడల్లా బయటివాళ్లు రాసి తగిలించిన ప్రోగ్రాము ముక్కలు, అంటే మాడ్యూళ్లు, దానికి అతకవు. అమెరికాలోని డులూత్‌లో మంచు తోసే బండ్ల పరికరాలు చేసే ఒక చిన్న కంపెనీకి, వాటిని నడిపే మాడ్యూల్‌ని పంతొమ్మిదేళ్లుగా అతికిస్తున్నవాడు వెండెల్. అరవై ఆరు నిండాయి. చేపల పడవ కొని మూడేళ్లయినా అదింకా నీళ్ల మొహం చూడలేదు. ఆ అతుకుల పని ఇంకెవరికీ రాదని కంపెనీ అతన్ని రిటైరు కానివ్వడం లేదు పాపం.

కెర్నెల్ రాసి అందరికీ తెరిచిపెట్టి, వాడుకున్నవాళ్లూ దాచకూడదనే కెర్నెల్ సంఘంవారు దయలేనివాళ్లేం కాదు. అంతరంగ మార్పుల సంరక్షకుడు ఇగ్నేస్ థీబో సూటిగా రాశాడు: "ఆ కోడ్ మా లైసెన్సు కింద మాకిచ్చెయ్యవయ్యా! కెర్నెల్ మార్చేవాడే నీదీ సరిచేస్తాడు, నువ్వెళ్లి చేపలు పట్టుకో. దాచుకుంటావా, నీ చావు నువ్వు చావు." (కోడ్ దాచిపెట్టే మూసిన లైసెన్సు మాడ్యూల్ ఎక్కిన యంత్రానికి మైల ముద్ర పడుతుంది. మైలపడ్డవాళ్ల ఫిర్యాదులు సంఘంవారు చదవరు.)

కంపెనీ లాయరు ప్రూడెన్స్ ఓక్స్ ససేమిరా అంది. "అది కంపెనీ ప్రాణం. పోటీవాళ్లు ఎత్తుకుపోరూ?"

"ఎవరెత్తుకుపోతారమ్మా?" అన్నాడు వెండెల్. " ఈ పరికరాలు చేసే కంపెనీలు మూడు. అందులో రెండు మనవే!"

చివరికి రహస్య నిర్ధారణ ఫారం 14-బి ప్రకారం ఆవిడ కోడ్‌ని లైను లైనూ పరిశీలించింది. మూడో వారం వెండెల్‌ని పిలిచి తలుపు మూసింది.

"ఇదెవరు రాశారు?"

"నేను చేరేసరికే ఉందండీ. నేను అతుకులేశానంతే."

"పైనున్న రచయితల పేర్లు ఎవరో చెరిపేశారు. మిగతాదంతా కెర్నెల్‌ వాళ్ల కోడే, పొల్లు పోకుండా దింపేశారు."

వెండెల్‌కి ప్రాణం లేచొచ్చింది. "ఇంకేం! వాళ్లది వాళ్లకిచ్చేద్దాం."

"మతిపోయిందా వెండెల్? ఇన్నాళ్లూ ఇది మాటవరసకి రహస్యం. దొంగసొత్తని తేలాక ఇప్పుడు నిజంగా రహస్యం."

ఆ సాయంత్రమే తీర్మానం జరిగింది. కోడ్‌ని కొత్తగా ఎవరికీ చూపరాదు, ఇప్పటికే చూసినవారే ముట్టాలి. వారిలో ప్రోగ్రాము రాయగలవాడు ఒక్కడే కనుక, వెండెల్ ఉద్యోగాన్ని మరణపర్యంతం పొడిగించి అభినందన పత్రం చేతిలో పెట్టారు. అందులో అతని పేరు మాత్రం రాయలేదు, అదీ రహస్యమేనట.